నర్సు పిల్లలకు పిడికెడు బియ్యం

మొన్న కొండాపూర్‌లో మా కోడలు బియ్యం డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, ఈ పూటకు మీరే పోయండి అత్తయ్యా అని తన ల్యాప్‌టాప్ ముందుకు వెళ్లిపోయింది. గ్లాసుతో కొలిచి గిన్నెలో పోశాను. కడగడానికి కుళాయి తిప్పే ముందు, ఏ ధ్యాసలో ఉన్నానో ఏమో, అందులోంచి పిడికెడు తీసి పక్కనున్న ఖాళీ స్టీలు డబ్బాలో వేశాను. మా కోడలు కోస్తా పిల్ల, ప్రతి మాటకూ ఒక అండి తగిలించే మంచి పిల్ల. మంచినీళ్ల కోసం వచ్చి ఆ డబ్బాలోకి తొంగి చూసి, "అది ఎవరికండీ?" అని అడిగింది. ఊరికే, అలవాటు అని ఏదో గొణిగి కుక్కర్ మూత పెట్టేశాను కానీ, ఆ మాట నన్ను ఎక్కడో పట్టుకున్నది, ఇప్పటికీ వదల్లేదు.

మన ఈడు ఆడవాళ్లకు ఇది వింతగా ఉండదు. పాలమూరు పల్లెలో మా అమ్మ పొయ్యి పక్కన ఒక మట్టి గురిగి ఉండేది, అన్నానికి పోసిన బియ్యంలోంచి దేవుడి పేరున పిడికెడు తీసి అందులో వేశాకే నీళ్లు పోసేది. ఇంట్లో గింజ లేని రోజున తప్ప అది ఆగేది కాదు, గింజలు తక్కువున్న రోజున అమ్మ పిడికిలి కాస్త చిన్నదయ్యేదంతే. నెలాఖరుకు భజన మండలి వాళ్లు గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోయించుకు పోయేవాళ్లు. వాళ్లు దాన్ని ఏం చేసేవారో, అమ్మేవారో, ఎవరికైనా పంచేవారో మేము ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం మా కొంప ఎట్లా ముంచిందో ముందు ముందు చెబుతాను.

పెళ్లయి పట్నం వచ్చాక బోరబండలో కాపురం పెట్టాం. నేను బస్తీలో అంగన్‌వాడీ టీచర్‌ని, మా ఆయన ఆటో నడిపేవాడు. అమ్మ పోయాక నా చెల్లెను నేనే పెంచుకున్నాను, వయసులో అది నాకు చెల్లె కన్నా కూతురికి దగ్గర. దానికి చదువంటే ప్రాణం, మాకేమో ఫీజు అన్న మాట వింటేనే గుండె దడ. అట్లాంటి రోజుల్లో ఖాజాగూడ గుట్టల అవతల ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో, లేనివాళ్ల పిల్లలకు నర్సింగ్ చదువు, హాస్టలు, తిండి అన్నీ ఉచితమని తెలిసింది. అది సర్కారు సొమ్ము కాదు, ఒక కంపెనీ పెద్దమనిషి ఏటా ఇచ్చే దానం. ఆయన ముఖం మేమెవరం చూడలేదు. చెల్లెకు సీటు వచ్చిన రోజున మాత్రం మా ఆయన ఆటోను హైటెక్ సిటీ రోడ్డు మీద నిలిపి, కనబడ్డ ప్రతి అద్దాల మేడకూ ఒక దండం పెట్టాడు, ఏది ఆయనదో తెలియక.

ఆ దానం హాస్టలు గోడల దగ్గరే ఆగలేదు. అదే సొమ్ముతో విశ్వవిద్యాలయం వాళ్లు మా బస్తీలో ఒక చిన్న దవాఖాన తెరిచారు. ఒక డాక్టరమ్మ, ఆమె వెంట తెల్ల బట్టల్లో మా చెల్లె, దాని తోటి పిల్లలు వంతుల వారీగా వచ్చేవారు. అప్పటిదాకా మా దగ్గర కాన్పు అంటే మంత్రసాని చేతిలో దీపం. ఈ పిల్లలు వచ్చాక కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రలు, పసిపిల్లలకు సూదులు, ముసలివాళ్లకు బీపీ చూడటం, అన్నీ గుమ్మం దగ్గరికి వచ్చాయి. వాళ్లలో చెల్లె దోస్తు ఒకతె ఉండేది, ఎక్కడో అడవి జిల్లా నుంచి వచ్చిన పిల్ల. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. సూది వేస్తే పిల్లలు ఏడ్చేవారు కాదు ఆమె దగ్గర, ఏం మాయ చేసేదో. నన్ను అక్కా అని పిలిచేది, మా ఇంట్లో కింద కూర్చుని పచ్చిపులుసు పోసుకుని రెండు మార్లు అన్నం పెట్టించుకునేది. అంత చనువు నా సొంత చెల్లెకు కూడా లేదు మా ఇంట్లో.

ఆఖరి సంవత్సరం సగంలో ఉండగా సాఫ్ట్‌వేర్ కంపెనీలకు దెబ్బ తగిలింది. కట్టే మేడలు కట్టినంతలో ఆగిపోయాయి. మా ఆయన పొద్దంతా స్టాండులో ఆటో పెట్టుకుని ఉత్త చేతులతో వచ్చే రోజులు మొదలయ్యాయి. ఆ పెద్దమనిషి కంపెనీ కూడా మూతపడింది. ఇవ్వనని ఆయన అనలేదట, ఇవ్వడానికి ఆయన దగ్గర లేకపోయింది. విశ్వవిద్యాలయం వాళ్లు పాఠాలు ఆపలేదు, గదులు ఖాళీ చేయమనలేదు, కానీ దాతల సీటు పిల్లలకు మెస్‌లో అన్నం ఆపేశారు. ఇంకో దాత దొరికేదాకా ఇళ్లకు వెళ్లండి, దొరికినంక కబురు పెడతాం అన్నారు. ఎంత తేలికగా అన్నారో. నర్సింగ్ పిల్లలకు హాస్పిటల్ డ్యూటీలు ఉంటాయి, హాస్టల్లో లేకపోతే డ్యూటీ లేదు, డ్యూటీ లేకపోతే పరీక్ష లేదు. ఇల్లు చేరిన ఆడపిల్లను ఏ తండ్రి మళ్లీ పంపుతాడు? పరీక్షల దాకా ఆ పిల్లల కడుపులు నిండాలి, లేదా మూడేళ్ల చదువు మట్టిలో కలవాలి. అంతే లెక్క.

చెల్లె ఆదివారం ఇంటికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. వార్డులో రోగులకు బ్రెడ్డు పంచి, వాళ్లు వదిలేసింది తాను తిన్నానని చెప్పింది, ఏడవకుండా చెప్పింది. నేను ఆ రోజు తిట్టని మనిషి లేడు. కంపెనీ వాణ్ణి తిట్టాను, విశ్వవిద్యాలయాన్ని తిట్టాను, నా పుట్టుకను తిట్టుకున్నాను. నా అంగన్‌వాడీలో పసిపిల్లల బియ్యం మూటలు గోడకానుకుని ఉన్నాయి. పక్కింటామె నోరు తెరిచి అననే అన్నది, మూటకింత తీస్తే ఎవరికి ఎరుక అని. ఆ మాటకు నేనామెతో కొట్లాడాను కానీ, తెల్లవార్లూ ఆ మూటలే నా కళ్లలో తిరిగాయి. నా చెల్లె ఆకలికి ఇంకొకరి పిల్లల ముద్ద తీయలేను, చెల్లెను ఆకలికి వదలలేను. నా జన్మలో అంత దిక్కుతోచనితనం మళ్లీ ఎరగను.

అప్పుడు తట్టింది మా అమ్మ గురిగి. దవాఖాన ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పాను, దేవుడికి తీసే పిడికెడు ఈ పిల్లలకు తీయండి, పరీక్షల దాకా. ఒక్కరు కాదనలేదు. కూలి దొరకక తామే ఒక పూట తింటున్నవాళ్లు కూడా. నా కోడలికి కాన్పు చేసిన పిల్ల కడుపు కాలితే నాకు ముద్ద దిగుతదా అన్నది ఒక ముసలామె. పిడికెడు పిడికెడు కలిసి నాలుగు రోజుల్లోనే పెద్ద డ్రమ్ము నిండింది. మా ఆయన దాన్ని ఆటోలో వేసుకుని హాస్టలుకు చేర్చాడు. వార్డెనమ్మ మంచిది, మెస్ వంటింట్లో ఒక పొయ్యి వాడుకోనిచ్చింది. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

వండేటప్పుడు తెలిసింది మా తెలివి. ఇంటికో రకం బియ్యం. ఒకరిది కంట్రోల్ దుకాణం దొడ్డు బియ్యం, ఒకరిది ఊరి నుంచి తెచ్చుకున్న కొత్త బియ్యం, ఒకామె పిల్లలకు కదా అని పండగకు దాచిన సన్నబియ్యం వేసింది, లేనివాళ్లు నూకలు వేశారు. అన్నీ ఒకే డ్రమ్ములో కలిసిపోయాయి. కొత్తవి ముద్దయి గిన్నెకు అతుక్కుంటే కంట్రోల్‌వి పలుకు మీదే ఉండేవి, నీళ్లు ఇంకా పోస్తే నూకలు గంజి అయిపోయేవి, అయినా పలుకు చావదు. తరతరాలుగా తీసిపెట్టిన పిడికెడు బియ్యాన్ని మాలో ఎవరమూ కలిపి వండి ఎరగం. తీయడం తెలుసు, ఇవ్వడం తెలుసు, ఆ తర్వాత సంగతి భజన మండలిది. వేరు చేద్దామని చాటలో పోసుకుని కూర్చుంటే, బియ్యంలో బియ్యం ఏరడం ఎవరి తరం?

పిల్లలు పాపం వంక పెట్టకుండా తిన్నారు. రెండు మూడు రోజులకు కడుపునొప్పులు మొదలయ్యాయి, ఒక పిల్ల డ్యూటీలో వాంతి చేసుకుని పడిపోయింది. విశ్వవిద్యాలయం పెద్దసారు స్వయంగా వంటింటికి వచ్చాడు. కోపంగా మాట్లాడలేదు, అదే నాకు ఎక్కువ భయమైంది. "రేపు ఈ పిల్లలకు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలమ్మా?" అన్నాడు. పొయ్యి ఆర్పించి వంటింటికి తాళం వేయించాడు. ఇంటి నుంచి బంధువులు తెచ్చే టిఫిన్ డబ్బాలు తప్ప బయటి తిండి లోపలికి రాకూడదని గేటు దగ్గర చెప్పాడు. పిల్లల తండ్రులకు కబుర్లు వెళ్లాయి.

చెల్లె దోస్తు తండ్రి అందరికన్నా ముందు వచ్చాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషి, గేటు బయట గొంతుక్కూర్చుని, లోపలికి రమ్మన్నా రాలేదు. కూతురికి అన్నం లేదన్నారట, తీసుకుపోతానన్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాను, నాలుగు రోజులు ఓపిక పట్టమన్నాను, నా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. నా ఇంట్లో మేము తినేదెంతో ఆయన నా ముఖంలో చూసినట్టున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల రేకు పెట్టె తండ్రి నెత్తిన పెట్టి, నా చెయ్యి పట్టుకుని, అప్పుడు కూడా నవ్వింది.

"పరీక్షలకు వస్త అక్కా. నా వంతు ఉంచుండ్రి."

వాళ్లు గుట్టల మలుపు తిరిగేదాకా చూసి, ఆ కోపమంతా నేను డ్రమ్ము మీద తీశాను. మిగిలిన బియ్యం మా ఆయన ఆటోలో వేయించి, బోరబండ గిర్నీకి తీసుకెళ్లి, బరక పిండి పట్టమన్నాను, ఖాజాగూడలో బర్లున్నవాళ్లకు దాణాకు అమ్ముతానని. మనుషులకు పనికిరాని బియ్యం గొడ్లకైనా పనికొస్తుంది కదా అని నా ఉక్రోషం. గిర్నీ పెద్దాయన నా మాట చెవిన పెట్టాడో లేదో, అలవాటు కొద్దీ మెత్తగానే పట్టేశాడు. మా ఆయన సంచిలో చెయ్యి పెట్టి, ఇంత పిండి తీసి వేళ్ల మధ్య రాసి చూశాడు.

"గింత మంచి పిండి బర్లకేస్తవా?" అన్నాడు.

నేనూ చెయ్యి పెట్టాను. వేడి వేడిగా, తెల్లగా ఉంది. దొడ్డుదేది, సన్నదేది, నూక ఏది, ఇంక ఎవడు చెప్పగలడు? ఎసరు నీళ్లు పోసి కలిపితే రొట్టె కావడానికి దానికి ఏ అడ్డమూ లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి రొట్టెలు కొట్టిన చేతులు నావి, ఆ బుద్ధి ఒక నాలుగు రోజుల ముందు పుట్టి ఉంటే ఏమయ్యేది? ఆ గిర్నీలో, ఆ దుమ్ములో కూర్చుని నేను పెద్దపెట్టున ఏడ్చాను. సంతోషానికా అంటే కాదు. ఆ పాటికి ఆ తండ్రీకూతుళ్లు ఎక్కిన బస్సు ఎంత దూరం పోయి ఉంటుందో అనిపించి ఏడ్చాను.

బంధువుల టిఫిన్ డబ్బాలకు అడ్డు లేదన్నారు కదా. మరునాటి నుంచి మా బస్తీ ఆడవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లకు చుట్టమయ్యారు. ఒకామె ఒక పిల్లకు చిన్నమ్మ, ఒకామె ఇంకో పిల్లకు మేనత్త, ఆ ముసలామె ఏకంగా ముగ్గురికి అమ్మమ్మ. డ్రమ్ము నిండినప్పుడల్లా గిర్నీ పట్టించి, ఆ పిండి పంచుకుని ఎవరింట్లో వాళ్లు రొట్టెలు కొట్టి, పండుమిరప తొక్కు వేసి, డబ్బాల్లో పెట్టి ఇస్తే, మా ఆయన అందరినీ ఆటోలో కుక్కి గేటు దగ్గర దింపేవాడు. వాచ్‌మన్‌ది కూడా మా పాలమూరే. ఈ చుట్టరికాలన్నీ నిన్న మొన్న పుట్టినవని అతనికి తెలియదా? తెలిసినా, పిల్ల పేరు పిలిచి డబ్బా లోపలికి పంపేవాడు. మా బస్తీలో ఎవరి పొయ్యి అయినా వెలగని రోజున, వాళ్ల పిల్ల వంతు రొట్టెలు పక్కింటి వాళ్లు కొట్టారు. తిండి దొరుకుతుందని తెలిసి, తీసుకుపోవడానికి వచ్చిన ఒకరిద్దరు తండ్రులు ఉత్త చేతులతోనే వెనక్కి వెళ్లారు. పిల్లలు నిలబడ్డారు, వాళ్లు నిలబడ్డారు కాబట్టి బస్తీలో దవాఖాన కూడా నిలబడింది.

మొదటి రోజున నేను రెండు డబ్బాలు తీసుకెళ్లాను. ఒకటి చెల్లెది. రెండోది చేతిలో పెట్టుకుని నిలబడితే వాచ్‌మన్ అడిగాడు.

"గిది ఎవలిదమ్మా?"

"మా ఇంకో చెల్లెది," అన్నాను.

అతను గేటు లోపలి వైపు తిరిగాడు. చెల్లె దోస్తు పేరు పిలిచాడు. వెళ్లిపోయిందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా పిలిచాడు. పరీక్షల దాకా రోజూ రెండు డబ్బాలు కట్టాను, పరీక్షలకు వస్తానంది కదా, వచ్చిన రోజున నా వంతు ఏదక్కా అంటే ఏం చూపించను? చెల్లె ఆ డబ్బా తాను తినేది కాదు, ఇంకొకరిని తిననిచ్చేది కాదు. నేను దాన్ని అట్లాగే ఇంటికి మోసుకొచ్చి, మా ఆయనకు పెట్టేదాన్ని. ఆయన ఒక్కనాడూ ఇది ఏమిటని అడగకుండా తినేవాడు. మధ్యలో ఆ జిల్లా బస్సు కండక్టర్లకు కబురు చెప్పి పంపాం, అన్నం ఉంది రమ్మని. ఆ కబురు ఏ ఊరి దాకా పోయి ఆగిపోయిందో. ఆఫీసు వాళ్లు అడ్రసు బయటివాళ్లకు ఇవ్వమన్నారు, ఊరి పేరు చెల్లెకు తెలుసు కానీ, ఆ పేరుతో అక్కడ ఎన్నో ఊళ్లట. పరీక్షలు మొదలైన రోజున చెల్లె హాలు గుమ్మంలోనే నిలబడి, గంట కొట్టేదాకా గేటు వైపు చూస్తూ ఉందట. ఆమె రాలేదు.

మా చెల్లె పాసయింది. సర్కారు దవాఖానలో చేరింది, ఈనాటికి దాని చేతుల మీద ఎందరు పుట్టారో దానికే తెలియదు. మా బోరబండలో పుట్టిన పిల్లలే కొందరు మళ్లీ అదే విశ్వవిద్యాలయంలో దాతల సీట్లలో చదివి, ఈ అద్దాల మేడల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. కష్టం గట్టెక్కాక విశ్వవిద్యాలయానికి కొత్త దాతలు వచ్చారు, చాలామంది వచ్చారు. నేను తీసిపారేయడం లేదు, ఎవరో ఒకరు ఇవ్వకపోతే మా చెల్లె తెల్ల బట్ట కట్టేదే కాదు. కానీ మొన్నామధ్య చెల్లె వెంట అక్కడికి వెళ్లి చూస్తే, ప్రతి గోడ మీదా ఒక పేరుంది, లైబ్రరీకి ఒక పేరు, కంప్యూటర్ల గదికి ఒక పేరు, ఆఖరికి చెట్టు కింద బెంచీకి కూడా ఒక పేరు. అన్నానికి మాత్రం పేరు లేదు. పేరు రాసినా ఎక్కడ రాస్తారు, తిన్నవాళ్లతో పాటే పోతుంది కదా అది. అందుకే కాబోలు మా చెల్లె నెలనెలా తన జీతంలోంచి మెస్‌కే పంపుతుంది, మరి దేనికీ వాడొద్దని కచ్చితంగా చెప్పి మరీ. ఫోన్‌లో ఒక మీట నొక్కితే అయిపోతుంది. మంచిదే, పలుకు తగిలే భయం లేదు, గేటు దగ్గర దొంగ చుట్టరికాలు చెప్పే అవసరం లేదు. బియ్యం పంపుతానని నేను అడిగితే, అట్లా తీసుకోవడం లేదమ్మా అని అక్కడి ఆఫీసులో ఒక చిన్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఇవ్వడం ఎంత సులువయిందంటే, ఎవరికి ఇస్తున్నామో వాళ్ల ముఖం ఎరగాల్సిన పని లేకుండా పోయింది. మాకు మాత్రం ప్రతి డబ్బాకూ ఒక ముఖం ఉండేది.

ఇవాళ పొద్దున మళ్లీ బియ్యం నేనే పోశాను. పిడికెడు తీస్తుంటే కోడలు పక్కనే ఉంది. స్టీలు డబ్బా సగానికి వచ్చింది. నిండాక గిర్నీ పట్టించాలి, ఇక్కడ దగ్గర్లో గిర్నీ ఉందో లేదో కనుక్కోవాలి. ఈసారి ఆమె అడగకముందే చెప్పాను, ఇది మా చెల్లెకు అని. పిన్నిగారు బియ్యం కొనుక్కోలేకనా అండీ అని నవ్వింది. ఆమెకు కాదమ్మా, ఇంకో చెల్లెకు అన్నాను. నాకు ఒక్కతే చెల్లెలని తెలిసిన పిల్ల, నా ముఖంలోకి చూసి నవ్వు ఆపేసి, కుళాయి తిప్పి బియ్యం కడగడం మొదలుపెట్టింది.